ఎంజైములకు వెలుతురు పగ్గం

వెలుతురుతో ఎంజైముల పనిని అదుపు చేసే విద్య ఎప్పుడు పుట్టిందని అడిగితే సాధారణంగా 1968 అన్న జవాబే వస్తుంది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ ఎర్లాంగర్, హోవర్డ్ కాఫ్‌మన్, స్టెల్లా వ్రాట్‌సనోస్ కలిసి ‘సైన్స్’ పత్రికలో తమ ఫలితం ప్రకటించిన ఏడాది అది. అక్కడినుంచి కథ ఒక్క అంగలో నేటి ఫోటోఫార్మకాలజీకి, అంటే వెలుతురు సోకిన చోట మాత్రమే పనిచేసే మందుల ఆశ దగ్గరికి, వచ్చేస్తుంది. ఈ కథనంలో మొదలూ సరిగా లేదు, దిక్కూ సరిగా లేదు. ఈ విద్య 1968 కంటే నలభై ఏళ్లు ముందే మొదలైంది. వైద్యం చేయడానికి కాదు, మరో దారిలో దొరకని జవాబు రాబట్టడానికి మొదలైంది. ఇప్పటికీ దాని అసలైన పంట అక్కడే ఉంది.

1920ల్లో బెర్లిన్ శివారు డాలెంలో జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఓటో వార్‌బర్గ్ ముందున్న చిక్కు ఇది. కణాలు ఆక్సిజన్‌ను వాడుకోవడానికి తోడ్పడే ఎంజైము ఒకటి ఉందని ఆయన నమ్మకం. అయితే అది కణంలో ఉండేది అతి స్వల్పం. పైగా కణంలోని కరగని భాగాలకు అతుక్కుని ఉంటుంది, విడదీసి సీసాలో పెట్టడం ఆనాటి పద్ధతులతో కుదిరే పని కాదు. కార్బన్ మోనాక్సైడ్ ఆ ఎంజైమును పట్టుకుని ఈస్ట్ కణాల శ్వాసను అణచివేస్తుందని 1926లో ఆయన గమనించాడు. దీపం వెలిగిస్తే ఆ పట్టు సడలింది, శ్వాస మళ్లీ పుంజుకుంది. దీపం ఆర్పితే మళ్లీ కుంటుపడింది. రక్తంలోని హీమోగ్లోబిన్ నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వెలుతురులో విడిపోతుందని 19వ శతాబ్దం చివర్లోనే హాల్డేన్, లోరేన్ స్మిత్ చూపించి ఉన్నారు. వార్‌బర్గ్ అంతటితో ఆగలేదు. సహచరుడు ఎర్విన్ నెగెలైన్‌తో కలిసి ఒక్కో రంగు కాంతిని విడివిడిగా కణాలపై ప్రసరింపజేసి, ఏ రంగు ఎంత బలంగా పనిచేస్తుందో కొలిచాడు. ఆ కొలతలతో గీసిన రేఖ హీమ్ జాతి పదార్థాల వర్ణపటాన్ని పోలి వచ్చింది. ఎంజైమును కంటితో చూడకుండా, చేత్తో తాకకుండా, అందులో ఇనుము ఉన్న పోర్ఫిరిన్, అంటే హీమ్ లాంటి నిర్మాణం, ఉందని తేలింది. 1931 నోబెల్ బహుమతి ఈ శ్వాస ఎంజైము స్వభావాన్ని కనిపెట్టినందుకే ఇచ్చారు.

దీన్ని ఈ చరిత్రలో కలపకూడదని రసాయన శాస్త్రజ్ఞులు అనవచ్చు. వార్‌బర్గ్ వాడింది కాంతికి స్పందించేలా మనిషి తయారుచేసిన అణువు కాదు, ప్రకృతిలో దొరికే ఒక విషవాయువు మాత్రమే అంటారు. నిజమే. కానీ ఎంజైమును అడ్డగించే పదార్థం, దాని పట్టును మార్చే కాంతి, ఎంజైము చెడిపోకుండా మళ్లీ మొదటి స్థితికి రావడం: ఈ మూడూ అక్కడ ఉన్నాయి. తర్వాతివాళ్లు మార్చింది అడ్డగించే పదార్థాన్నే.

ఆ మార్పుకు కావలసిన సరుకు కొత్తదేమీ కాదు. అజోబెంజీన్‌ను రసాయన శాస్త్రజ్ఞుడు మిట్‌షెర్లిష్ 1834లోనే తయారుచేశాడు. అందులో రెండు బెంజీన్ వలయాల మధ్య రెండు నైట్రోజన్ పరమాణువుల వంతెన ఉంటుంది. మామూలుగా ఆ అణువు చాచిన చేయిలా తిన్నగా ఉంటుంది. అతినీలలోహిత కాంతి తగిలితే మోచేయి దగ్గర మడిచినట్టు వంగుతుంది. ఈ వంగిన రూపాన్ని జి. ఎస్. హార్ట్లీ 1937లో బయటపెట్టాడు. మరో ముప్పై ఏళ్లకు పైగా దాన్ని ఎంజైము పక్కన పెట్టి చూడాలని ఎవరికీ పట్టలేదు! ఎర్లాంగర్ బృందం అలాంటి అణువును కైమోట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైముకు అడ్డుపెట్టింది. వంగిన రూపం తిన్నని రూపం కంటే వేగంగా ఎంజైమును ఆపింది. 1969లో నాడీ సంకేతాలతో ముడిపడ్డ అసిటైల్‌కోలినెస్టరేజ్ వంతు వచ్చింది. అదే ఏడాది డేవిడ్ నాక్‌మన్‌సోన్‌తో కలిసి ఎలక్ట్రిక్ ఈల్ చేప కణాల విద్యుత్ స్థితిని కూడా వెలుతురుతో మార్చి చూపించారు. వాళ్ల ఉద్దేశం మందు కాదు. చూపు, మొక్కలు పగటి నిడివిని పసిగట్టడం వంటి సహజ ప్రక్రియలకు ఒక నమూనా కట్టి చూడటం. మొక్కల్లో ఆ పసిగట్టే పని చేసే ఫైటోక్రోమ్‌ను అమెరికా శాస్త్రజ్ఞులు పసిగట్టి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు.

మాస్కోలో ఇల్యా బెరెజిన్, కారెల్ మార్టినెక్ 1970ల్లో వేరే లాభం ఆశించారు. సిన్నమాయిల్ అనే పరమాణువుల గుంపును కైమోట్రిప్సిన్‌కు తగిలించి దాన్ని నిద్రపుచ్చారు. కాంతి పడితే ఆ గుంపు రూపం మారి ఊడిపోతుంది, ఎంజైము మేలుకుని ఎన్నో అణువులను వరసగా కోసేస్తుంది. కొద్దిపాటి వెలుతురు పెద్ద రసాయన ఫలితంగా పెరుగుతుంది కాబట్టి వెండి అక్కర్లేని ఫోటోగ్రఫీ సాధ్యమని వాళ్ల ఊహ. అది కెమెరాల దాకా రాలేదు గానీ, ఎంజైము ఒక్కో మెట్టును ఎంత వేగంగా దాటుతుందో చదవడానికి చక్కని సాధనమైంది.

మందుల సంగతికొస్తే మన పేరు ఒకటి తగులుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో తయారైన ఫోలిక్ ఆమ్ల విరోధుల కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. అది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమును ఆపి కేన్సర్ కణాల ఎదుగుదలను అడ్డుకుంటుంది, దాంతోపాటు నోటి పొరనూ ఎముక మజ్జనూ దెబ్బతీస్తుంది. 2018లో బార్సిలోనా శాస్త్రజ్ఞులు దాని నిర్మాణంలో అజోబెంజీన్‌లోని నైట్రోజన్ వంతెనను ఇమిడ్చి ఫోటోట్రెక్సేట్ చేశారు. వంగిన రూపంలో అది ఎంజైమును గట్టిగా ఆపుతుంది, తిన్నని రూపంలో దాదాపు ఊరుకుంటుంది. మెథోట్రెక్సేట్ వాడేవారి కష్టం తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు.

అయితే వైద్యమే గమ్యమన్న వాదన దీనితో గెలిచిందా? పసిపిల్లల కామెర్లకు నీలి దీపం కింద పడుకోబెట్టడం 1950ల నుంచే ఉంది, అక్కడ బిలిరుబిన్ రూపం మారేదీ కాంతి వల్లనే, మరి ఎంజైముకు ఎందుకు కుదరదు అని అడగవచ్చు. బిలిరుబిన్ చర్మంలోనే అందుతుంది, పైగా దాన్ని వదిలించుకుంటే చాలు. ఎంజైమును లోపలి అవయవంలో, కావలసినంతసేపు మాత్రమే ఆపాలి. అజోబెంజీన్‌ను వంచే అతినీలలోహిత కాంతి చర్మం పైపొరల్లోనే ఆగిపోతుంది. లోతుకు వెళ్లేది ఎరుపు, దాని అవతలి కాంతి. వాటికి వంగే అణువులను 2010 తర్వాత తయారుచేస్తున్నారు గానీ, కాంతి రూపాన్ని మార్చే అణువుల్లో ముందుగా మనుషులపై పరీక్షకు వెళ్లింది ఎంజైమును ఆపేది కాదు. ఆస్ట్రేలియాలో చూపు పోయిన వారి రెటీనా కోసం ఇచ్చిన ఆ అణువు అయాన్ ద్వారాలపై పనిచేస్తుంది. వెలుతురు అనాయాసంగా చేరే అవయవం కన్ను కాబట్టే అక్కడ మొదలుపెట్టారు. ఎంజైమును వెలుతురుతో ఆపి, విడిచి, మళ్లీ ఆపగల మందు ఇంతవరకు ఒక్కటీ అనుమతి పొందలేదు.