ట్రాక్టర్‌కు పెద్ద టైర్లు వేస్తున్నారా? ముందు మడ్‌గార్డు సందు కొలవండి

ఖిలా వరంగల్ చుట్టుపక్కల ఒకే ట్రాక్టర్ వానాకాలంలో వరి మడిలో దమ్ము చేస్తుంది, పంట చేతికొచ్చాక ట్రాలీతో ఏనుమాముల మార్కెట్‌కు వెళ్తుంది. నల్లరేగడిలో పట్టు దొరకడం లేదని చాలామంది రైతులు వెనుక టైర్లు అరిగినప్పుడు ఒక సైజు పెద్దవి వేయిస్తున్నారు. టైరు మారినా మడ్‌గార్డు మాత్రం పాతదే ఉంటుంది. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

సైజు పెరిగితే ఎంత తేడా వస్తుంది?

12.4-28 అని రాసి ఉంటే టైరు వెడల్పు 12.4 అంగుళాలు, రిమ్ము వ్యాసం 28 అంగుళాలు అని అర్థం. ఈ టైరు మొత్తం ఎత్తు సుమారు 126 సెం.మీ. 13.6-28 అయితే సుమారు 131 సెం.మీ., 14.9-28 అయితే 136 సెం.మీ. పైనే ఉంటుంది. కంపెనీని బట్టి కొద్దిగా తేడా ఉండవచ్చు.

ఇరుసు పైకి చూస్తే ఇందులో సగమే లెక్క. అంటే 12.4 తీసి 13.6 వేస్తే మడ్‌గార్డు కింది సందు సుమారు 2.5 సెం.మీ., 14.9 వేస్తే సుమారు 5 సెం.మీ. తగ్గుతుంది. వెడల్పులో 14.9 టైరు ఒక్కో పక్కకు 3 సెం.మీ. వరకు ఎక్కువ వస్తుంది. పాత రిమ్ము ఈ వెడల్పుకు సరిపోతుందో లేదో కూడా అడిగి తెలుసుకోండి.

కొనే ముందు ఇలా కొలవండి

• ట్రాక్టర్‌ను చదునైన నేలపై నిలిపి, టైర్లలో గాలి సరిగా నింపండి.
• టైరు గుబ్బ పైభాగం నుంచి మడ్‌గార్డు రేకు వరకు, లోపలి పక్క రేకు వరకు కొలవండి. బోల్టు తలలు, వైర్లు రేకు కిందికి వేలాడుతుంటే అక్కడి నుంచే కొలవాలి.
• కొత్త టైరు వేశాక కనీసం నాలుగు వేళ్లు పట్టే సందు, అంటే 7 సెం.మీ. మిగలాలి. నల్లరేగడిలో పనిచేసే బండికి 10 సెం.మీ. ఉంటే మేలు. సందు చాలకపోతే బురద ఇరుక్కుని గట్టిపడుతుంది, రేకు వంగుతుంది, టైరు గుబ్బలు తెగుతాయి.
• పనిముట్టును పైకెత్తి, కింది లింకులు, గొలుసులు టైరు లోపలి గోడకు తగలకుండా చూడండి.

ఫోర్ వీల్ బండి అయితే వెనుక టైర్లు మాత్రమే మార్చకండి. ముందు, వెనుక చక్రాల వేగం లెక్క తప్పి గట్టి రోడ్డుపై గేర్లకు, టైర్లకు భారం పడుతుంది. ముందు మడ్‌గార్డులు ఉంటే స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, బానెట్‌కు తగలడం లేదని చూసుకోండి.

సందు చాలకపోతే

పక్క సందు మాత్రమే తక్కువైతే డిస్కు, రిమ్ము అమరిక మార్చి చక్రాలను వెడల్పు చేయవచ్చు. మడ్‌గార్డు జోలికి పోనక్కర్లేదు. అయితే పత్తిలో అంతర సేద్యం చేసేవారు సాళ్ల దూరం చూసుకున్నాకే ఈ పని చేయాలి.

పై సందు తక్కువైతే బ్రాకెట్ల కింద గట్టి ఇనుప దిమ్మలు పెట్టి, పొడవు బోల్టులతో మడ్‌గార్డును ఎత్తించండి. హైడ్రాలిక్ లివర్లు, వైర్లు లాగినట్టు కాకుండా చూడాలి. రేకు కోయించడం, ఆధారపు పట్టీలు తీయించడం వద్దు.

టైరు బయటికి పొడుచుకొస్తే మడ్‌గార్డు అంచుకు రబ్బరు పట్టీ లేదా అదే మందం రేకు నట్టు బోల్టులతో బిగించండి. రేకు అంచు మడిచి ఉండాలి, లేకపోతే కాళ్లు, చేతులు కోసుకుంటాయి. వెనుక లైట్లు, ఇండికేటర్లు కప్పబడకూడదు. రాత్రి మార్కెట్ ప్రయాణాలకు బయటి అంచున మెరిసే స్టిక్కర్ అంటించండి.

వెల్డింగ్ తప్పనిసరైతే ముందు బ్యాటరీ వైరు విప్పి, చక్రం తీసేయండి. గాలి ఉన్న టైరు రిమ్ముపై ఎప్పుడూ వెల్డింగ్ చేయించకండి. వేడికి టైరు పేలి ప్రాణం పోవచ్చు. డ్రైవర్‌కు రక్షణగా ఉన్న వెనుక కమానుకు వెల్డింగ్ చేయించకూడదు, రంధ్రాలు వేయించకూడదు.

మడ్‌గార్డు కుర్చీ కాదు

వెడల్పు చేసిన మడ్‌గార్డు ఇంకో మనిషి కూర్చోవడానికి వీలుగా కనిపిస్తుంది. గట్టు ఎక్కేటప్పుడు ఒక్క కుదుపు చాలు, ఆ మనిషి నేరుగా వెనుక చక్రం కిందికి పోతాడు. పిల్లలను, కూలీలను అసలు కూర్చోనివ్వకండి. అలా జరిగిన ప్రమాదాల్లో బీమా పరిహారానికీ చిక్కులు వస్తాయి.

దమ్ములో కేజ్ వీల్స్ టైరు పక్కన బిగించినప్పుడు అవి మడ్‌గార్డు దాటి బయట తిరుగుతాయి. ఆ పక్కన ఎవరూ నిలబడకూడదు. రోడ్డెక్కే ముందు వాటిని విప్పేయాలి.

అసలు పెద్ద టైరు అవసరమా?

సైజు పెరిగితే అదే గేరులో వేగం కొంత పెరిగి, లాగే బలం అంతే తగ్గుతుంది. అరిగిన టైర్ల స్థానంలో అదే సైజువి వేసి, గాలి సరిచూసి, చక్రానికి బరువులు బిగిస్తే చాలామందికి కావలసిన పట్టు వస్తుంది. పైగా ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. కాబట్టి మీ మోడల్‌కు ఏ సైజులు ఆమోదించారో డీలర్ దగ్గర కంపెనీ పుస్తకంలో చూసి, ఆ తర్వాతే టైర్లకు డబ్బు కట్టండి.

మార్పు అయ్యాక ఖాళీ పొలంలో అరగంట నడిపి, రేకుపై రాపిడి గుర్తులు చూడండి. బోల్టులన్నీ మళ్లీ బిగించాకే దమ్ములోకి దింపండి.