పంచదార హారం

సికింద్రాబాద్‌లో పెళ్లి కేకులు అలంకరించడం నా వృత్తి. ఫాండెంట్ అనే పంచదార ముద్ద డబ్బాలు ఇప్పుడు బేకరీ సామాన్ల షాపులన్నిట్లో దొరుకుతున్నా, నగల పనికి వాడే ముద్దను మాత్రం నేనే కలుపుకుంటాను. బేగంబజార్‌లో గోంద్ కతీరా అడిగితే రెండు మూడు రకాల బంకలు ముందు పెడతారు. నాకు కావలసింది ఇరాన్ వైపు కొండల్లో పెరిగే ముళ్లపొద నుంచి తీసే రకం. తెల్లగా, పల్చగా, వంకర తిరిగిన పెచ్చులుగా ఉంటుంది. రాత్రి పన్నీటిలో నానబెడితే తెల్లారేసరికి ఉబ్బి చిక్కబడుతుంది. దాన్ని పల్చటి గుడ్డలో వేసి పిండి, మెత్తగా జల్లించిన పంచదార పొడి, కాస్త కోడిగుడ్డు తెల్లసొన, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపి మర్దిస్తే, కాగితమంత పల్చగా సాగే ముద్ద తయారవుతుంది. ఆరాక గోటితో తడితే టక్కుమంటుంది.

ఈ ముద్ద వయసు నాలుగు వందల అరవై ఏళ్ల పైమాటే. 1555లో వెనిస్‌లో అలెస్సియో పియెమోంతేసే పేరుతో అచ్చయిన పుస్తకంలో ఇవే దినుసులున్నాయి: బంక, పన్నీరు, నిమ్మరసం, తెల్లసొన, పంచదార. మూడేళ్లకే అది ఇంగ్లీషులోకి వెళ్లింది. ఈ ముద్దతో పళ్లేలు, గిన్నెలు, గ్లాసులు చేసుకోవచ్చని, విందు ముగిశాక వాటినే విరుచుకుని తినొచ్చని అందులో రాసి ఉంది. కేకు మీద నగలనగానే ఫోన్లో ఫొటోల కోసం మొన్న మొన్న పుట్టిన మోజని కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

చెరకు రసం కాచి పంచదార చేయడం మన దేశానికి ఏనాటి నుంచో తెలుసు. యూరప్‌లో మాత్రం అది చాలాకాలం మందుల కొట్లో, తూకం వేసి అమ్మే సరుకు. అరబ్బుల ద్వారా, మధ్యధరా దీవుల మీదుగా, చేతులు మారుతూ వచ్చేది కాబట్టి దాని ఖరీదు రాజులకే అందేది. అప్పట్లో పంచదారతో నగ చేయనక్కర్లేదు, పంచదారే నగ. ఎవరింటి విందులో ఎంత తెల్లటి పంచదార ఎంత వృథాగా కనిపిస్తే వాళ్లింట అంత కలిమి ఉన్నట్టు. 1574లో ఫ్రాన్స్ రాజు మూడో హెన్రీ, పోలండ్ నుంచి సింహాసనం కోసం తిరిగి వెళ్తూ వెనిస్‌లో ఆగాడు. అక్కడి ఓడల కార్ఖానా ఆర్సెనల్‌లో ఇచ్చిన విందులో బల్ల మీది గుడ్డలు, పళ్లేలు, రొట్టెలు అన్నీ పంచదారవే. చేతులు తుడుచుకుందామని రుమాలు అందుకుంటే అది విరిగి ముక్కలైందట. ఆ మడతలు చేసిన పనివాడు ఆ చప్పుడు విని ఎంత మురిసి ఉంటాడో నేను ఊహించగలను. చూసినవాళ్లు నమ్మి, ముట్టుకున్నాక తెలుసుకోవడం కన్నా ఈ పనికి పెద్ద మెప్పు లేదు.

ఆ పంచదార చవకైన దారి మాత్రం మంచిది కాదు. కరీబియన్ దీవుల్లో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసల చేత చెరకు తోటలు వేయించారు. బ్రిటన్ ఇళ్లకు పంచదార బస్తాలుగా చేరింది ఆ చెమటతోనే. 1769లో మాంచెస్టర్‌లో మిఠాయి వ్యాపారం చేసుకునే ఎలిజబెత్ రాఫాల్డ్ తన వంట పుస్తకంలో పెళ్లి కేకు గురించి రాసింది. పళ్లతో చేసిన బరువైన కేకు, దాని మీద బాదం ముద్ద, ఆ పైన తెల్లటి పంచదార పూత. ఈ రోజుకీ నేను క్రైస్తవ పెళ్లిళ్లకు చేసే ఫ్రూట్ కేకు వరస ఇదే. బాదం బదులు మన దగ్గర చాలామంది జీడిపప్పు వాడతారు, అంతే తేడా.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం 1834లో రద్దయింది. రద్దయ్యాక తోటలకు కూలీలు కావలసి వచ్చి మన దేశం వైపు చూశారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లు ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు వెళ్లింది ఆ తర్వాతి దశాబ్దాల్లోనే. ఆ రేవు పేరు మీదే అక్కడ వాళ్లను కోరంగీలన్నారు. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కూ వెళ్లారు. ఇంగ్లండ్ కేకుల చరిత్ర రాసేవాళ్లు రాణుల పేర్లు రాస్తారు, మిఠాయి చేసినవాళ్ల పేర్లు అక్కడక్కడా రాస్తారు, చెరకు నరికినవాళ్ల ఊసెత్తరు. తెలుగులో రాస్తున్నప్పుడైనా ఆ మాట అనకుండా ముందుకు వెళ్లడం నాకు ఇష్టం లేదు.

1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి పెళ్లయింది. కేకు బరువు సుమారు 300 పౌండ్లు, చుట్టుకొలత తొమ్మిది అడుగుల దాకా. చేసినవాడు రాజభవనం మిఠాయి పనివాడు మాడిట్. కేకు పైన పంచదారతో చేసిన బ్రిటానియా దేవత వధూవరులను దీవిస్తున్నట్టు నిలబడి ఉంది. వాళ్లిద్దరికీ పాత రోమన్ల దుస్తులు వేశారు. బొమ్మలు అడుగు ఎత్తుకు కాస్త తక్కువ. పెళ్లికొడుకు కాళ్ల దగ్గర విశ్వాసానికి గుర్తుగా కుక్క, పెళ్లికూతురి కాళ్ల దగ్గర పావురాల జంట, పెళ్లి తారీఖు పుస్తకంలో రాస్తున్న మన్మథుడు. అంతా ఒకే అంతస్తు. మనం పెళ్లి కేకనగానే ఊహించుకునే మేడ కట్టడం అప్పటికింకా రాలేదు.

అది 1858లో ఆమె పెద్ద కూతురి పెళ్లికి వచ్చింది. చూడ్డానికి మూడంతస్తులే కానీ అడుగున ఉన్నది ఒక్కటే కేకు, పైవన్నీ పంచదార కట్టడాలు. బరువైన పళ్ల కేకు మీద ఇంకో కేకు పెడితే కిందిది కుంగిపోతుంది. దాన్ని ఆపాలంటే పూత రాయిలా బిగియాలి, ఆ ఒడుపు పట్టుబడటానికి మరికొన్నేళ్లు పట్టింది. 1882లో ప్రిన్స్ లియోపోల్డ్ పెళ్లికి అన్ని అంతస్తులూ నిజం కేకులతోనే నిలబెట్టారు. ఈ మధ్యలో 1874లో బ్రిటన్ పంచదార మీద పన్ను పూర్తిగా ఎత్తేసింది. దాంతో గుమాస్తా ఇంటి పెళ్లికి కూడా తెల్లటి కేకు వచ్చింది. అందరికీ దొరికే సరుకయ్యాక పంచదారకు సొంతంగా హోదా లేకుండా పోయింది. ఇక అది వేరే ఖరీదైన వస్తువుల వేషం కట్టాల్సి వచ్చింది. పైపింగ్ నాజిల్‌తో లేసు, స్తంభాలు, ముత్యాల వరసలు వేయడం అప్పటినుంచీ ఊపందుకుంది. జోసెఫ్ లాంబెత్ 1934లో వేసిన పుస్తకంలోని గీతల మీద గీతలు పేర్చే పద్ధతి నేర్చుకోవడానికి ఇప్పటికీ హైదరాబాద్ పిల్లలు నా దగ్గరికి వస్తారు.

తర్వాత యుద్ధం వచ్చి మొత్తం తలకిందులు చేసింది. 1940 జనవరిలో బ్రిటన్‌లో పంచదారకు రేషన్ పెట్టారు. అదే ఏడాది ఆగస్టు 5 నుంచి కేకుల మీద పంచదార పూత వేయడమే నిషేధం. పెళ్లిళ్లు ఆగలేదు. బేకరీవాళ్లు అట్టతో, ప్లాస్టర్‌తో అంతస్తుల డొప్పలు చేసి అద్దెకిచ్చేవాళ్లు. ఫొటో దిగేటప్పుడు అది బల్ల మీద ఉండేది. డొప్ప ఎత్తితే లోపల చిన్న కేకు. మన రిసెప్షన్లలో థర్మోకోల్ అంతస్తులు చూసి నవ్వేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను.

రేషన్ ఇంకా నడుస్తుండగానే 1947 నవంబర్ 20న ఎలిజబెత్ యువరాణి పెళ్లి జరిగింది. మెక్‌విటీ అండ్ ప్రైస్ కంపెనీ చేసిన కేకు తొమ్మిది అడుగుల ఎత్తు, నాలుగంతస్తులు, 500 పౌండ్లు. రెండు కుటుంబాల చిహ్నాలన్నీ పంచదారతో చెక్కారు. దినుసులు ఆస్ట్రేలియా గర్ల్ గైడ్ పిల్లలు పోగుచేసి పంపారు. అంత దూరం నుంచి వచ్చిందని దానికి పదివేల మైళ్ల కేకని పేరు పడింది. అదే పెళ్లికి మన నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుక కూడా వెళ్లింది. లండన్ కార్టియే దుకాణంలో యువరాణి తనకు నచ్చింది ఎంచుకోవాలని ఆయన కబురు పెడితే, ఆమె వజ్రాల హారం, కిరీటం తీసుకుంది. హారం ఇంకా రాజకుటుంబం దగ్గరే ఉంది. మా ఊరి నిజాం వజ్రాలు పంపగలిగాడు, పంచదారకు మాత్రం పిల్లలు పొట్లాలు కట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది లండన్‌లో మామూలు పెళ్లికూతురి దృష్టిలో ఏది నగ? బ్రిటన్‌లో పంచదార రేషన్ 1953 సెప్టెంబర్ దాకా ఎత్తలేదు.

ఇంత చరిత్ర తలకెత్తుకున్నదాన్ని కాబట్టి, గట్టిగా అడిగే కస్టమర్ వస్తే నాకు సంతోషం. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక కుటుంబం వాళ్లు రిసెప్షన్ కేకు మీద తమ గుట్టపూసల హారం కావాలన్నారు. పెళ్లికూతురి తల్లి బ్యాంకు లాకర్ నుంచి నేరుగా నా దగ్గరికి వచ్చి, ఎర్ర వెల్వెట్ పెట్టె తెరిచి హారం బల్ల మీద పరిచింది. నేను మౌల్డులో పోసిన ముత్యాల నమూనా చూపిస్తే వేలితో తాకి చూసి, "ఇవన్నీ ఒక్కలాగే ఉన్నాయమ్మా, గిల్టు నగలా కనపడుతుంది. మా అత్తగారి హారంలో ఏ రెండు పూసలూ ఒకలా ఉండవు, చూడు" అంది. చూశాను. బియ్యపు గింజ పొడవున ఒకటి, పక్కనే కాస్త నొక్కుకుపోయింది ఒకటి, గుత్తి చివర మరీ సన్నది ఒకటి. మౌల్డు పక్కన పెట్టేసి ప్రతి పూసా చేత్తో ఒత్తాను.

కెంపుల పని వేరు. పంచదార పాకం 160 డిగ్రీలు దాటితే పసుపెక్కుతుంది, గాలిలో తేమ తగిలితే జిగటవుతుంది. అందుకని బీట్ పంచదార నుంచి తయారయ్యే ఐసోమాల్ట్ వాడతాను. 170 దాకా కాచినా తేటగా ఉంటుంది. మంట తీసి, బుడగలు అణిగాక ఎరుపు వేసి, గుండ్రటి గుంటల్లో పోస్తాను. తీసి చూస్తే రంగుంది, ప్రాణం లేదు. కంసాలి రాయి పొదిగేటప్పుడు అడుగున రేకు పెడతాడు, రాయిలోకి వెళ్లిన వెలుగు ఆ రేకుకు తగిలి తిరిగొస్తుంది. నేనూ కెంపు వెనక వెండి వరఖు ముక్క అంటించాను. లైటు కింద పెట్టగానే ఎరుపు లోపలి నుంచి పైకి వచ్చింది. ఆవిడ పెట్టెలో ఉన్న రాయినీ నా పళ్లెంలో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు మార్చి మార్చి చూసింది. "సరే" అంది. ఆ ఒక్క మాట కోసం వారం నిద్ర మానుకోవచ్చు.

వరఖు అంటే చార్మినార్ గల్లీల్లో సుత్తి చప్పుళ్ల మధ్య పుట్టిన సరుకు. తోలు పొరల మధ్య వెండి ముక్క పెట్టి గంటల తరబడి కొట్టేవాళ్లు. 2016లో ఆహార భద్రతా సంస్థ కొత్త నిబంధన తెచ్చింది: వెండి 999 స్వచ్ఛత ఉండాలి, తయారీలో ఎక్కడా జంతు సంబంధమైనది వాడకూడదు. నేను డబ్బా మీద అది చూశాకే కొంటాను. మెరుపు పొడుల విషయంలో ఇంకా కచ్చితంగా ఉంటాను. విషం కాదు అని రాసి ఉన్నంత మాత్రాన తినే వస్తువని కాదు. మెరుపు తగ్గినా సరే, తినడానికని రాయనిది నా బల్ల ఎక్కదు.

ఎందుకంటే నేను మొదట చూసిన పంచదార నగలు మెడలో వేసుకుని తినేవే. మా అమ్మమ్మది నిజామాబాద్ వైపు. హోలీకి అక్కడ చక్కెర పేర్లు అమ్ముతారు. చెక్క అచ్చుల్లో దారం పరిచి పాకం పోస్తే, బిళ్లలు దారానికే గడ్డకట్టి దండవుతుంది. పిల్లల మెడలో వేస్తే సాయంత్రానికి దారమే మిగులుతుంది. మహారాష్ట్రలో కొత్త కోడలికి తొలి సంక్రాంతికి నల్లచీర కట్టి, నువ్వుల మీద పాకం పొరలు పొరలుగా ఎక్కించి చేసిన పూసలతో హారం, వంకీ, నెత్తిబిళ్ల అన్నీ అలంకరిస్తారు. గోదావరి జిల్లాల సారెలో పంచదార చిలకలు వెళ్తాయి. ఇంగ్లండ్‌లో విక్టోరియా కేకు ముక్కలు పెట్టెల్లో ఇప్పటికీ దాచి ఉంచారు. మన దగ్గర పంచదార నగ ధరించడానికి, పంచడానికి, తినడానికి.

గుంటూరు ఆవిడ ఆ హారాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుంటానంది. వానాకాలం వస్తే ముత్యాలు మెత్తబడతాయని, చీమలు వదలవని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి లాకెట్టు ఆవిడ తీసుకుని, గుత్తులన్నీ విడదీసి పిల్లలకు పంచడానికి ఒప్పందమైంది. కేకు కోశాక వాళ్లింటి పిల్లలు వరసలో నిలబడితే, ఒక్కో గుత్తీ విరిచి ఒక్కో చేతిలో పెట్టాను.