పల్లెకు జాబు చేరిన విధము: టప్పాలు, అంచె, ఉత్తరము అను మాటల సాక్ష్యము

టప్పాలు అను మాట యేకవచనమో బహువచనమో తెలుఁగువారికి మొదటినుండియు సందేహమే. పదునెనిమిదవ శతాబ్ది తుదనాఁటి యింగ్లీషు కాగితములలో నీ పదము టప్పా యనియు టప్పీ యనియుఁ గానవచ్చును. కచేరీలలోని తెలుఁగు వ్రాయసగాండ్రు టప్పాలు అనుదానిని బహువచనముగాఁ దలఁచి, టప్పా యను నేకవచనమును గల్పించిరని సి.పి. బ్రౌను చెప్పినాఁడు. పదమూలమునకు మజిలీ యను నర్థముగల ఏతాప్ అను ఫ్రెంచి శబ్దముతో సంబంధ ముండవచ్చునని యాయన యూహ. ఈ రెండవ మాటను నేనంతగా నమ్మఁజాలను, మొదటిది నమ్మఁదగినది. ఏలయన బ్రౌను నిఘంటుకారుఁడు మాత్రమే కాఁడు. 1846లో మదరాసు రాజధానికిఁ బోస్టుమాస్టరు జనరలుగా నియమింపఁబడినవాఁడు. వ్రాయసగాండ్ర యేకవచనము నేఁటికిని చావలేదు. చచ్చినవానిని “టపా కట్టినాఁ” డని యెగతాళిగా ననుట తపాలు సంచి మూతిగట్టి పంపుటనుండియే పుట్టియుండునని నాకుఁ దోఁచుచున్నది.

మనకు వేఱొక మాటయుఁ గలదు: అంచె. దూరమును మజిలీలుగా విభజించి, ఒకఁడు తెచ్చినదానిని మఱియొకఁ డందుకొని పోవుట యంచె. మైసూరు రాజ్యమునఁ దపాలునకు నిదియే పేరు. తిరువాన్కూరు కొచ్చి రాజ్యములలో అంచల్. కన్నడిగులు నేఁటికిని తపాలును అంచె యనియే యందురు. మనము మాత్రము దానిని “అంచెలంచెలుగా” అను మాటలో మిగుల్చుకొని, కచేరీ మాటను దలకెత్తుకొంటిమి.

మదరాసున జనరలు పోస్టాఫీసు 1786లో నేర్పడినను, దాని యంచెలు పట్టణమునుండి పట్టణమునకుఁ బోవు బాటలవెంటనే నడచెను. 1837నాఁటి చట్టము జాబులను గొనిపోవు నధికారమును దొరతనమునకే యిచ్చినది. కూలి దూరమునుబట్టియు బరువునుబట్టియు నుండెడిది. 1854లో దూరముతోఁ బనిలేక పావుతులము జాబునకు అర్ధణాయే యని విధించి, దేశమంతటికిని బిళ్లలు వెలువరించిరి. బీదకాఁపునకు మేలే. కాని బిళ్ల యంటించిన జాబు పట్టణపుటాఫీసువఱకు వచ్చి నిలుచును. అటనుండి పల్లెకుఁ దెచ్చువారెవ్వరు? పెక్కు జిల్లాలలో నీ పని జిల్లా తపాలుపైఁ బడినది. అది ముఖ్యపట్టణమునుండి ఠాణాలకును రెవిన్యూ కచేరీలకును సర్కారు కాగితములు చేర్చుట కేర్పడినది. స్థానికపు పన్నులతోనో జమీందారుల సొమ్ముతోనో నడచినది. రైతు జాబు సర్కారు సంచిలో మూలఁజేరి ప్రయాణము చేసెననవచ్చును.

బండిబాట లేనిచోట రన్నరే దిక్కు. ఈటెకో కఱ్ఱకో గజ్జెలు గట్టుకొని, సంచి భుజముపై నుంచుకొని కొన్నిమైళ్లు పరుగిడి, ఎదురుచూచుచున్నవానికి నప్పగించి, వాఁడు తెచ్చిన సంచితో మరలును. గజ్జెల మ్రోఁత మృగముల బెదరించుటకే యందురు. తరువాతి యంచెవానిని మేల్కొల్పుటకు నదియే పనికివచ్చెను. అడవిదారిలో పులులపాలైన రన్నరులును గలరు.

పల్లెలో తపాలును నిజముగా నిలిపినవాఁడు బడిపంతులని నా యభిప్రాయము. శాఖాపోస్టాఫీసుకుఁ బ్రత్యేకోద్యోగిని బెట్టుటకు వ్రాఁబడి చాలనిచోట, అంగడివానికో పంతులకో కొలఁదిపాటి భత్యమునకు దాని నప్పగించిరి. 1877లో వి.పి. పార్సెలును, 1879లో కాలణా కార్డును, 1880లో తపాలు మనియార్డరును వచ్చినపిదప ఆ యఱుగు ఊరికిఁ గొట్టును బొక్కసమునయ్యెను. విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి రంగూనునకుఁ గూలికిఁ బోయినవారి సొమ్ము ఇట్టి యఱుగులమీఁదనే యిల్లాండ్ర చేతఁబడెను. ఆమెకు చదువు రాదు. జాబు చదివి వినిపించువాఁడు పంతులు; బదులు వ్రాయువాఁడు నతఁడే. ఆమె కన్నీటితోఁ జెప్పినదానిని “ఉభయకుశలోపరి” యని మొదలిడి గ్రాంథికములోఁ బెట్టును. ఆమె మాట యందెంత మిగిలినదో! ఈ నేరము మన పండితవర్గమున కంతకును జెందును.

జాబు అను మాట అరబ్బీ జవాబునుండి వచ్చినది. ఉత్తర మనఁగా సంస్కృతమునఁ బ్రత్యుక్తి. రెండును బదులనుటయే. అవి మనకు లేఖార్థమున పాఁతుకొనుట కాకతాళీయమని నేను దలఁపను. మనిషిచేతికిఁ గమ్మ యిచ్చి పంపిన కాలమున వాఁడు బదులుతో మరలినఁగాని పని ముగియదు. ఇంటివారు కాచుకొనునది ఆ బదులుకొఱకే. ఇది యూహయే. పూర్వప్రయోగములు చూపి దీనిని ఖండించువా రుండిన సంతోషమే.

బ్రౌను 1852లోఁ బ్రకటించిన తెలుఁగు వాచకమున సొంతజాబులును వ్యవహారపుజాబులును జేర్చినాఁడు. అట్టిపని తరువాత మనలోఁ దగినంతగా సాగలేదు. ఇండ్లలో దూలములకు వ్రేలాడు ఇనుపతీఁగలకుఁ గ్రుచ్చిన కార్డులు చాలవఱకుఁ జెదలపాలైనవి. మిగిలినవానిని జూచువారు మాటలతోపాటు ముద్రలనుగూడఁ జూడవలెను. బయలుదేఱిన యాఫీసు ముద్రకును, చేరిన యాఫీసు ముద్రకును నడుమ దినములెన్నియో లెక్కించినచో, ఆ పల్లెకు వానకాలమున బాట యుండెనో లేదో తెలియును. తెలంగాణపు జాబులైనచో బిళ్లయు వేఱు: నిజాము రాజ్యపు బిళ్లలు 1869లో మొదలై యా తపాలు దేశపు తపాలులోఁ గలిసిన 1950వఱకు నడచినవి, వానిలోఁ బెక్కింటిపైఁ దెలుఁగక్షరములు గలవు.