అసలు ప్రతి మీద గీత పడకుండా

2013 మే 1వ తేదీ దాకా ఒమన్‌లో ప్రభుత్వ కార్యాలయాలకు వారాంతపు సెలవులు గురు, శుక్రవారాలు. హైదరాబాదులో మా రంగంలో వాళ్ళకి శని, ఆదివారాలు. మస్కట్‌లో కూర్చుని, హైదరాబాదు వాళ్ళతో కలిసి ఇక్కడి కార్యాలయాల కోసం ప్రోగ్రాములు రాసే నాలాంటి వాడికి, రెండు ఊళ్ళవాళ్ళూ ఒకేసారి పనిలో ఉండే రోజులు వారానికి మూడే: సోమ, మంగళ, బుధ. గురు, శుక్రవారాల్లో వాళ్ళు రాస్తారు, మేం ఉండం. శని, ఆదివారాల్లో మేం రాస్తాం, వాళ్ళుండరు. సోమవారం పొద్దున రెండు కుప్పల్నీ కలపాలి. ఒమన్‌లో సెలవు శుక్ర, శనివారాలకు మారాక ఉమ్మడి రోజులు నాలుగయ్యాయి గాని, కలపవలసిన పని మాత్రం తప్పలేదు.

ఒకే ప్రోగ్రాము రెండు చోట్ల రెండు రకాలుగా పెరిగితే వాటిని మా భాషలో బ్రాంచీలంటారు. నేను కొమ్మలంటాను. రెండు కొమ్మల్ని మళ్ళీ ఒకటి చేస్తే అది మెర్జ్. నా కంప్యూటరులో తెరిచి పెట్టుకుని రాసుకుంటున్న ఫైళ్ళను పని బల్ల అనుకోండి. బల్ల నిండా నా సగం పని పరచి ఉంది. ఇంతలో ఫోను: "అన్నా, ఆ రెండు కొమ్మలూ కాస్త కలిపి పెట్టవా, అర్జెంటు." నా సగం పనికీ ఆ కొమ్మలకూ ఏ సంబంధమూ లేదు. అయినా బల్ల మీద ఉన్నదంతా ఎత్తి పక్కన పెట్టి, వాళ్ళ ఫైళ్ళు పరిచి, కలిపి, మళ్ళీ నావి పరుచుకోవాలా? బల్ల ముట్టుకోకుండా కలపడానికి వీల్లేదా?

ఇది మా వృత్తివాళ్ళ గొడవలా కనిపిస్తుంది గాని, దీని చరిత్ర కంప్యూటర్ల కన్నా పాతది. అందులో మన తెలుగు తాటాకులకూ చోటుంది.

పెళ్ళి పిలుపుల జాబితా

ముందు కలపడం అంటే ఏమిటో చూద్దాం. ఇంట్లో పెళ్ళి. రెండువందల పేర్లతో పిలుపుల జాబితా రాశారు. ఒక నకలు తెనాలిలో అమ్మ దగ్గర, ఇంకొకటి డల్లాస్‌లో అన్నయ్య దగ్గర. నెల తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, రామారావు మామయ్య పేరు అమ్మ జాబితాలో ఉంది, అన్నయ్య జాబితాలో లేదు. అమ్మ కొత్తగా చేర్చిందా? అన్నయ్య కొట్టేశాడా? రెండు నకళ్ళనూ ఎంతసేపు చూసినా తేలదు. తేలాలంటే మొదటి జాబితా కావాలి. అందులో మామయ్య ఉంటే కొట్టేసింది అన్నయ్య. లేకపోతే చేర్చింది అమ్మ.

ఇంతే సూత్రం. రెంటిని కలపడానికి మూడు కావాలి. ఆ మూడోది ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడు. ఒకరు మాత్రమే మార్చిన చోట వాళ్ళ మార్పు తీసుకోవచ్చు. ఇద్దరూ ఒకే పంక్తిని రెండు రకాలుగా మార్చితే యంత్రం తేల్చలేదు, మనిషి కూర్చోవాలి. దాన్ని మేం కాన్‌ఫ్లిక్ట్ అంటాం, ఇళ్ళలో పేచీ అంటారు.

అమ్మ ఆ మొదటి జాబితా మీదే కొట్టివేతలు చేసి, పైన కొత్త పేర్లు ఇరికించి ఉంటే? పూర్వీకుడు పోయినట్టే. ఇక కలపడమన్నది ఊహ మీదే ఆధారపడుతుంది.

తాటాకుల కొమ్మలు

తాటాకుల కాలంలో జరిగింది సరిగ్గా ఇదే. ఒక కావ్యాన్ని ఒక లేఖకుడు కడపలో, ఇంకొకడు రాజమండ్రిలో ఎత్తి రాసుకుంటాడు. ఒకడు పద్యం వదిలేస్తాడు, ఇంకొకడు తనకు తెలిసిన పద్యం చేరుస్తాడు, మూడోవాడు అర్థంకాని మాటను అర్థమయ్యే మాటగా "దిద్దుతాడు". కొత్త ప్రతి తయారయ్యాక శిథిలమైన పాత ఆకుల్ని నదిలో వదిలే ఆచారం కూడా ఉండేది. కొమ్మలు మిగిలాయి, మొదలు పోయింది.

1820లో కడపకు వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ చిక్కును బాగా ఎరుగును. ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, తన జీతం డబ్బుతో పండితుల్ని పెట్టుకుని, వాటిని పోల్చి చూపించి, పాఠాంతరాలు రాయించి, వేరే కాగితాల మీద శుద్ధప్రతి ఎత్తించాడు. వేమన పద్యాలు 1829లో 693 అచ్చువేయించాడు. మరిన్ని ప్రతులు చూశాక 1839లో 1,164తో మళ్ళీ వేయించాడు. ఆయన దగ్గర పనిచేసిన పండితుల్లో జూలూరి అప్పయ్య ఒకరు. ఆయన వ్యాఖ్యతో 1851లో మనుచరిత్ర వచ్చింది.

బ్రౌన్ ఎంపికలన్నీ సరైనవే అని ఎవరూ అనరు. నాకు ముఖ్యంగా తోచేది ఒక్కటే: తేల్చిన పాఠం వేరే కాగితం మీద ఉంది, తేల్చడానికి వాడిన ప్రతులు వేరుగా ఉన్నాయి. ఆయన సేకరణ మద్రాసు చేరింది; ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఆ ప్రతులు, కాగితాలు మిగిలాయి. కాబట్టే ఇరవయ్యో శతాబ్దంలో బంగోరె వంటి పరిశోధకులు ఆ కాగితాలు మళ్ళీ తిరగేయగలిగారు. బ్రౌన్ పండితుల తీర్పు నచ్చకపోతే సాక్ష్యం ఇంకా ఉంది, కేసు తిరగతోడవచ్చు.

ఇదే పని ఇంకా పెద్దయెత్తున పుణెలో జరిగింది. భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ సంస్కృత మహాభారతానికి సంశోధిత ప్రతి పని 1919లో మొదలుపెట్టింది. ఆదిపర్వానికి సంపాదకుడు వి.ఎస్. సుక్తంకర్ లెక్కలోకి వచ్చిన ప్రతులు 235. వాటిలో 28 తెలుగు లిపిలో ఉన్నవి. పాఠం తేల్చడానికి చివరికి 60 ప్రతులు వాడారు. ఒక్కొక్క శ్లోకానికి ఒక కాగితం. పైన ప్రచారంలో ఉన్న పాఠం, కింద ఒక్కొక్క ప్రతికి ఒక్కొక్క వరుస. తేడా ఉన్న ప్రతి అక్షరమూ సరిగ్గా పై అక్షరం కిందనే రాయాలి. ప్రోగ్రాముల్లో తేడాలు చూపించడానికి మేం తెర మీద పక్కపక్కన పెట్టుకునే పట్టిక దీని తమ్ముడే.

అంతకన్నా గొప్ప సంగతి, తీసేసిన దాన్ని ఏం చేశారన్నది. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాశాడన్న కథ మనందరికీ తెలుసు. అది మూలంలో లేదని తేల్చి ప్రధాన పాఠం నుంచి తప్పించారు. పారెయ్యలేదు, అనుబంధంలో అచ్చువేశారు. చిన్న చేర్పులు పేజీ అడుగున, నక్షత్రం గుర్తుతో, ఏ ప్రతుల్లో ఉన్నాయో చెబుతూ. తెలుగు లిపి ప్రతులకు ఇంగ్లీషు "టి" అక్షరం గుర్తు. మన లేఖకుల చేర్పులు ఏవో ఇవాళ కూడా వెతికి పట్టుకోవచ్చు. 1966లో ఆ బృహత్కార్యం పూర్తయిందని ప్రకటించినవారు అప్పటి రాష్ట్రపతి, మన సర్వేపల్లి రాధాకృష్ణన్.

బెల్ ల్యాబ్స్ నుంచి గిట్ దాకా

ఇక కంప్యూటర్ల సంగతి. ప్రోగ్రాముల పాత రూపాలన్నీ దాచే పనిముట్టు ఎస్‌సీసీఎస్‌ను 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ తయారుచేశాడు. పదేళ్ళకు పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిఖీ ఆర్‌సీఎస్ రాశాడు. వీటిలో మామూలు పద్ధతి తాళం వెయ్యడం: ఒక ఫైలు ఒకరు పట్టుకుంటే ఇంకొకరు ఆగాలి. మూడు గదుల ఇంట్లో ఒకే బాత్‌రూం లాగా.

1986లో డిక్ గ్రూన్ మొదలుపెట్టిన సీవీఎస్ ఆ తాళం తీసేసింది. ఎవరి నకలు మీద వాళ్ళు రాసుకోవచ్చు, తర్వాత కలుపుకోవచ్చు. కాకపోతే కలపడం జరిగేది మీ పని బల్ల మీదనే. పేచీ వస్తే రెండు పాఠాలూ మీ ఫైలులోనే గుచ్చి, మధ్యలో గీతలు గీసి పెట్టేది. మీ సొంత సగం పని కూడా అదే ఫైలులో ఉంటే ఇక ఏది ఎవరిదో విడదీయడం మీ ఓపిక. 2004లో 1.0గా వచ్చిన సబ్‌వెర్షన్ చాలా విషయాల్లో మేలు చేసింది గాని, కలిపే చోటు మార్చలేదు. మేం మొదట్లో వాడింది అదే. సోమవారం పొద్దున్నే బల్ల ఖాళీ చేసుకుని కూర్చునేవాళ్ళం.

2005 ఏప్రిల్‌లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టాడు. అంతకుముందు వాళ్ళు వాడుతున్న బిట్‌కీపర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోవడం దానికి కారణం. పని మొదలైన రెండు వారాలకే, ఏప్రిల్ 18న, గిట్‌లో కొమ్మల్ని కలిపారు. ఆ జూలైలో నిర్వహణ జునియో హమానో చేతికి వచ్చింది.

గిట్‌లో కీలకం భాండాగారం. ఒకసారి అందులో చేరిన ఫైలును ఎవరూ దిద్దరు. మార్పు జరిగితే కొత్త ప్రతి చేరుతుంది, పాతది అలాగే ఉంటుంది. పని బల్ల మీద ఉన్నది భాండాగారంలోంచి ఎత్తి రాసుకున్న నకలు మాత్రమే. కొమ్మ అంటే ఒకానొక రూపాన్ని చూపించే పేరు చీటీ. కలిపినప్పుడు పుట్టే కొత్త రూపం తన ఇద్దరు తల్లిదండ్రుల పేర్లూ రాసి ఉంచుకుంటుంది. బ్రౌన్‌కు, సుక్తంకర్‌కు దొరకని ఉమ్మడి పూర్వీకుడు ఇక్కడ ఎప్పుడూ అందుబాటులో ఉంటాడు.

మరి బల్లతో పనేమిటి? సిద్ధాంతానికి ఏమీ లేదు. రెండు కొమ్మల్లో ఒకటి అసలు కదలకపోతే, పేరు చీటీ ముందుకు జరిపితే చాలు. బల్ల ముట్టుకోకుండా ఇది ఒక్క ఆదేశంతో అయిపోతుంది. రెండూ కదిలితే మాత్రం, గిట్‌లో మామూలు మెర్జ్ చాలాకాలం బల్లను ఆధారం చేసుకునే నడిచింది. 2015లో వచ్చిన వర్క్‌ట్రీ సదుపాయం పక్కగదిలో రెండో బల్ల వేసినట్టు: ఒకే భాండాగారం, రెండు బల్లలు. చాలామందికి ఇప్పటికీ ఇదే సులువు.

అసలు జవాబు తర్వాత వచ్చింది. ఎలైజా న్యూరెన్ అనే ఆయన కలిపే యంత్రాంగాన్ని మొదటినుంచీ తిరగరాశాడు. 2021 నవంబరులో గిట్ 2.34లో అదే మామూలు పద్ధతయింది. దాని ఆధారంగా 2022 అక్టోబరులో, 2.38లో, మెర్జ్-ట్రీ ఆదేశం కొత్త రూపంలో వచ్చింది. రెండు కొమ్మల పేర్లు ఇస్తే చాలు. పూర్వీకుణ్ణి వెతుక్కుంటుంది, భాండాగారంలోనే కలిపి, ఫలితం గుర్తు చెబుతుంది. పేచీ ఉంటే ఏ ఫైళ్ళలో ఉందో చెబుతుంది. బల్ల మీద కాగితం కదలదు, ఏ చీటీ జరగదు. ఫలితం నచ్చితే దాన్ని ఇద్దరు తల్లిదండ్రుల బిడ్డగా నమోదు చేసి, చీటీ మనమే జరపాలి. ఒక్క జాగ్రత్త: మన బల్ల మీద పరచి ఉన్న కొమ్మ చీటీనే ఇలా జరపకూడదు. జరిపితే బల్ల ఒకటి చెబుతుంది, చీటీ ఒకటి చెబుతుంది.

కలపడం ఎక్కడ జరగాలి

నిజ్వా వెళ్ళినవాళ్ళు ఫలజ్ దారిస్ చూసే ఉంటారు. 2006లో యునెస్కో గుర్తించిన ఒమన్ ఫలజ్‌లు అయిదింటిలో అదొకటి. దానికి రెండు పాయలు. అవి తోటల దగ్గర కలవవు, ఎగువనే కలుస్తాయి. ఖర్జూరం తోట రైతు తన మడిలో నిలబడి రెండు పాయల్నీ కలపనక్కరలేదు. వంతు వచ్చినప్పుడు కలిసిన నీరు వస్తుంది. మెర్జ్-ట్రీ చేసేదీ ఇదే: కలపడాన్ని మడిలోంచి ఎగువకు మార్చడం.

దీంతో అన్నీ తీరిపోయాయనుకుంటే పొరపాటు. పేచీ లేకుండా కలిసిందంటే సరిగ్గా కలిసిందని కాదు. హైదరాబాదులో ఒక ఫంక్షన్ పేరు మార్చారు. మస్కట్‌లో అదే రోజు పాత పేరుతో దాన్ని ఇంకో చోట పిలిచారు. మార్పులు వేరువేరు పంక్తుల్లో ఉన్నాయి, యంత్రం నోరెత్తకుండా కలిపేస్తుంది. ప్రోగ్రాం మాత్రం నడవదు. బల్ల మీదకు రాని దాన్ని ఎవరూ నడిపి చూడలేదన్నమాట. ఎగువన కలిపినా, పరీక్షించాకే కిందికి వదలాలి. అందుకే పుణెలో కూడా పట్టికలు సిద్ధమైన తర్వాతే సంపాదకుడి పని మొదలయ్యేది.

ఇదంతా మా వృత్తితోనే ఆగిపోతే ఈ సంచికలో రాయనక్కరలేదు. మా అమ్మమ్మ పాటల పుస్తకం ఒకటి ఉంది: మంగళహారతులు, అప్పగింతల పాటలు, లాలి పాటలు. అసలు నోటుబుక్కు రాజమండ్రిలో మామయ్య ఇంట్లో ఉంది. పిన్ని ఎత్తి రాసుకున్నది న్యూజెర్సీలో, అమ్మ రాసుకున్నది మస్కట్‌లో మా ఇంట్లో. మూడూ మూడు రకాలు. ఇప్పుడు పిల్లల కోసం ఒక్కటిగా టైపు చెయ్యాలని అందరికీ ఉబలాటం. అమ్మమ్మ రాసిన గోదావరి యాస మాటల్ని "శుద్ధి" చేద్దామని ఒకరు, చరణాల వరుస మారుద్దామని ఒకరు. మామయ్య పెన్ను తీసుకుని అసలు పుస్తకంలోనే దిద్దడానికి సిద్ధమయ్యాడు.

"మామయ్యా, మీకు దండం పెడతాను, ముందు ప్రతి పేజీ ఫొటో తీసి పంపండి" అన్నాను. ఇప్పుడు మూడు పుస్తకాలూ ఉన్నవి ఉన్నట్టుగా, తప్పులతో సహా, మూడు ఫైళ్ళుగా ఎక్కుతున్నాయి. పిల్లలు పాడుకునేది నాలుగోది. అందులో పిన్ని మాట నెగ్గిందా, అమ్మ మాట నెగ్గిందా అన్న పేచీ ఇంకా నడుస్తూనే ఉంది. నడవనివ్వండి. ఓడిపోయిన చరణం ఏదో, అది ఎవరి పుస్తకంలోదో రేపు మనవలకు తెలుస్తుంది. వాళ్ళకు మా తీర్పు నచ్చకపోతే మళ్ళీ కలుపుకుంటారు.

ఈ వ్యాసం చదివేవాళ్ళ ఇళ్ళలో కూడా ఇలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. తాతగారి ఉత్తరాల కట్టో, నాయనమ్మ ఆవకాయ కొలతల కాగితమో. దిద్దాలనిపిస్తే తప్పకుండా దిద్దండి, వేరే కాగితం మీద.