ఉక్కునగరంలో సాయంకాలపు బడులు

మన దేశంలో ఊళ్ళకు పుట్టిన తేదీలు సాధారణంగా దొరకవు. కాశి ఎప్పుడు వెలసినదో, కంచి ఎప్పుడు వెలసినదో పురాణాలను అడగవలసినదే. జంషెడ్పూరు సంగతి అట్లు కాదు. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది. మరుసటి ఏట సింగ్‌భూము అడవుల నడుమ, సువర్ణరేఖ, ఖరఖాయి నదులు కలిసే చోటికి సమీపంలో, సాక్చి అనే పల్లె దగ్గర కట్టడాలు మొదలైనవి. 1911 డిసెంబరులో ఇనుము, 1912 ఫిబ్రవరిలో ఉక్కు వెలువడినవి. 1919లో రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు వచ్చి ఊరికి జంషెడ్జీ టాటా పేరు పెట్టి వెళ్ళినాడు. ఈ ఊరి కొలుముల చరిత్ర, సమ్మెల చరిత్ర, నగర నిర్మాణపు పటాల చరిత్ర వ్రాసినవారు ఉన్నారు. బడిగంట కొట్టినది మొదలు దీపాలు పెట్టే వేళ వరకు ఆ ఊరి పిల్లలు ఏమి చేసినారన్నది మాత్రం చరిత్రగా చెప్పుకొనవలసిన విషయమని అంతగా తోచినట్లు లేదు. బొమ్మ గీయడం, పాట నేర్వడం, ఆటలో అడుగు కలపడం ఆ రెండు మూడు గంటలలోనే జరుగుతూ వచ్చినవి. ఆ గంటలు ఎవరివి, ఎవరికి దక్కినవి, ఎవరికి దక్కలేదు అన్నది చిన్న ప్రశ్న కాదు.

కర్మాగారం రాకముందు ఆ నేలమీద సాయంకాలపు బడి లేదనుకొనరాదు. రాంచీ పీఠభూమిలోని ముండాలకు గితిఒరా, ఒరావులకు ధుంకురియా అనే యువశాలలు ఉండేవి. పగలు పొలంలోనో అడవిలోనో పనిచేసిన పిల్లలు రాత్రి అక్కడ చేరి, పెద్దపిల్లల వద్ద పాటలు, కథలు, పొడుపుకథలు నేర్చుకొనేవారు. సింగ్‌భూములో హో, సంతాలు పల్లెలకు అఖ్రా ప్రాణం. ఊరి నడుమ చెట్టు క్రింద చదును చేసిన నేల. అంతకుమించి ఏమీ కాదు. అక్కడ గురువు లేడు, జీతం లేదు, తరగతి లేదు. అక్క చంకనెక్కి చూచిన బిడ్డ నాలుగేండ్లు గడిచేసరికి వరుస చివర నిలిచి చేయి పట్టుకొనును. తప్పు అడుగు వేస్తే ప్రక్కవారి చేయి లాగి సరిదిద్దును. సోహ్రాయి పండుగకు ఇంటి గోడలు అలికి రంగులు వేసే తల్లి ప్రక్కన మట్టి కలిపే పిల్లకు తాను చిత్రకళ అభ్యసిస్తున్నానని తెలియదు. ధాల్‌భూంగఢ్ ప్రాంతంలోని ఆమాదుబి గ్రామంలో పైట్కారు చిత్రకారులు కాగితపుచుట్ట విప్పుతూ బొమ్మకొక పాట పాడుదురు. బొమ్మా పాటా వేరువేరు పాఠాలన్న ఊహ ఆ ఇండ్లలో ఎన్నడూ లేదు.

ఈ సందర్భంలో సరాయికేలా ఛౌ నృత్యాన్ని గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. జంషెడ్పూరుకు ఇంచుమించు నలుబది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ చిన్న సంస్థానంలో రాజకుటుంబం వారే ముసుగు ధరించి ఆడేవారు. ఈ నాట్యానికి మూలం పరిఖండ అనే కత్తిడాలు సాధన. కాని యుద్ధవిద్యలో పుట్టిన ఈ ఆట అందుకొన్న అభ్యాసక్రమం చూడండి. ఉఫ్లి అని పిలిచే కదలికలలో అనేకం ఇంటిపనుల నుండి వచ్చినవే. పేడతో వాకిలి అలకడం ఒకటి, వడ్లు దంచడం ఒకటి, మసాలా నూరడం మరియొకటి. తల్లి తెల్లవారుజామున చేతితో చేసే పనిని కుర్రవాడు సాయంకాలం కాలితో చేయవలెను. ముఖానికి ముసుగు ఉండుటచేత కనులు, పెదవులు సహాయానికి రావు. నోట మాట లేదు. చెప్పదలచినదంతా మెడ, నడుము, పిక్క చెప్పవలెను. పిల్లవానికి కళ నేర్పడమంటే వానికి తెలిసిన లోకాన్నే మరొక అవయవంతో చూపించడమని ఇంత స్పష్టంగా కనిపెట్టిన శిక్షణావిధానం మరొకటి నాకు కనబడలేదు. 1938లో ఈ బృందం ఐరోపాకు వెళ్ళి ప్రదర్శనలిచ్చినది. 1948లో సంస్థానం విలీనమైన తరువాత రాజాదరణ సన్నగిల్లినది. ప్రభుత్వ ఛౌ నృత్యకేంద్రం ఆ బాధ్యతలో కొంత భాగం స్వీకరించినది. ఆ కేంద్రాన్ని నడిపిన కేదారనాథ్ సాహూకు 2005లో పద్మశ్రీ లభించినది. 2010లో యునెస్కో వారు ఛౌను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినారు. పట్టికలోకి ఎక్కడం గౌరవమే. పిల్లవాడు మాత్రం పట్టిక చూచి అడుగు వేయడు.

ఇక కర్మాగారం తెచ్చిన మార్పు కాలంలో. 1912లోనే ఈ కంపెనీ ఎనిమిది గంటల పనిదినాన్ని అమలుచేసినది. ప్రపంచంలో చాలా దేశాలు అప్పటికి ఆ మాట తలపెట్టలేదు కనుక ఇది మెచ్చదగిన పని. కాని కొలిమికి నిద్ర లేదు గనుక దినం మూడు ముక్కలైనది. రాత్రివంతు ముగించి వచ్చిన తండ్రి పగలు నిద్రపోవలెను. రెండు గదుల ఇంట పిల్లలు నోరు మూసుకొనవలెను, లేదా బయటికి పోవలెను. బయట అంటే ఎక్కడ? జంషెడ్జీ టాటా 1902లో కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో నీడనిచ్చే చెట్లు, వెడల్పైన వీధులు, పచ్చికలు, తోటలు, కాలిబంతి, హాకీ ఆటలకు విశాలమైన స్థలాలు, అన్ని మతాల వారికి ప్రార్థనాలయాలు ఉండవలెనని ప్రత్యేకంగా కోరినాడు. ఊరు పుట్టకముందే పిల్లల ఆటస్థలాన్ని తలచిన వ్యాపారి అరుదు. ఆ జాబితాలో చిత్రశాల గాని, పాటశాల గాని లేదు. దానికి ఆయనను తప్పుపట్టలేము. పిల్లలకు కళ అవసరమన్న ఊహే అప్పటికి కొత్తది.

ఎంత కొత్తదంటే, ఫ్రాంజ్ చిజెక్ వియన్నాలో బాలుర చిత్రకళా తరగతి ప్రారంభించినది 1897లో. చిజెక్ బడివేళలకు వెలుపల పిల్లలను చేర్చి, వారికి నమూనా చూపక, వారి ఇష్టానికి విడిచిపెట్టినాడు. పిల్లవాడు చిన్న పెద్దవాడు కాడనీ, వాని గీతకు వానిదే అయిన న్యాయం ఉన్నదనీ ఆయన వాదం. మన దేశంలో ఇంచుమించు ఇదే భావం మరొక దారిన వచ్చినది. 1901లో శాంతినికేతనంలో రవీంద్రనాథ ఠాగూరు బడి పెట్టినాడు. 1919లో కళాభవనం ఏర్పడినది. నందలాల్ బోసు ఆధ్వర్యంలో పల్లెగోడలు, పండుగముగ్గులు పాఠ్యవస్తువులైనవి. అక్కడ చదివిన దేవీప్రసాద్ 1944 నుండి సేవాగ్రామంలో నయీతాలీం పిల్లలకు చిత్రకళ నేర్పుతూ, కళ విద్యకు అలంకారం కాదు, పునాది అని వాదించినాడు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ ఆలోచనకు ప్రభుత్వ గౌరవం దక్కినది. శంకర్ నిర్వహించిన బాలల చిత్రలేఖన పోటీ 1949లో మొదలైనది. 1956లో ఢిల్లీలో జాతీయ బాలభవనం, 1966లో హైదరాబాదులో జవహర్ బాలభవనం వెలసినవి. తెలుగువారికి వీటికన్న ముందే ఇటువంటిది ఒకటి ఉన్నది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ఇంటింటికీ తెలిసిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో మదరాసులో స్థాపించిన బాలానంద సంఘం. పరీక్ష లేని చదువుకు అది నమూనా. పిల్లలు వచ్చేవారు, పాడేవారు, నాటకాలాడేవారు, పోయేవారు. వారు ఏమి నేర్చినారని ఎవరూ మార్కులు వేయలేదు.

జంషెడ్పూరులో ఈ పని ప్రధానంగా భాషాసమాజాలు చేసినవి. బెంగాలీలు, ఒరియాలు, పంజాబీలు, గుజరాతీలు, తమిళులు, మలయాళీలు, తెలుగువారు ఇనుము చుట్టూ చేరిన ఊరు ఇది. ఉత్తరాంధ్ర జిల్లాలనుండి బెంగాలు నాగపూరు రైలుదారి తెలుగు కార్మికులను ఖరగ్‌పూరుకూ, అక్కడినుండి టాటానగరుకూ చేర్చినది. బిష్టుపూరులో శ్రీరామ మందిరం, కద్మాలో ఆంధ్రుల సంఘం ఆ వలసకు గురుతులు. ఇటువంటి మందిరాల విలువను బయటివారు భజనతో, కల్యాణోత్సవంతో కొలుస్తారు. నా దృష్టిలో అసలు విలువ మరొకచోట ఉన్నది. బడిలో హిందీయో ఇంగ్లీషో చదివే తెలుగు పిల్లకు ఇంట వినబడే తెలుగు అన్నం, నీళ్ళు, కోపం, లాలన వీటితో ముగియును. అక్షరాలు నేర్పబోతే అది మరొక బడి అవును, పిల్ల పారిపోవును. పాట నేర్పితే పారిపోదు. ఒక కీర్తనలోని సంధి, సమాసం అర్థం కాకుండానే నాలుకకు ఎక్కును. అర్థం పదేండ్ల తరువాత వచ్చినా నష్టం లేదు. లిపి తెలియని తెలుగువారు తెలుగు పాట తప్పు లేకుండా పాడడం ప్రవాసంలోని ప్రతి ఊళ్ళోనూ కనబడే వింత. పాటే ఆ భాషను కాచినది.

సాక్చిలోని రవీంద్ర భవనం ఈ క్రమంలో మరొక మెట్టు. 1961లో రవీంద్రుని శతజయంతి సందర్భంగా దేశమంతటా ఆయన పేరిట కళామందిరాలు కట్టే ఉత్సాహం కలిగినది. జంషెడ్పూరు ఠాగూర్ సొసైటీ నడుపుతున్న కళాపాఠశాలలో సంగీతం, నృత్యం, చిత్రలేఖనం నేర్పుదురు. మొదలు బెంగాలీల అభిమానంతో పుట్టినదే అయినా ఇది ఒక్క భాషకు కట్టుబడి ఉండవలసిన పని లేదు. రంగుకు మాతృభాష లేదు గదా! పాటకు ఆ సౌలభ్యం లేదు. అందుచేతనే భాషాసమాజాల పిల్లలు ఒకరినొకరు కలిసికొనుటకు చిత్రలేఖనపు గది తగినంతగా ఉపయోగపడగలదు. ఆ అవకాశాన్ని ఊరు ఇంకను పూర్తిగా వాడుకొన్నదని నేను అనుకోను.

కంపెనీ ఆటలకు చేసినంత కళలకు చేయలేదన్నది దాచవలసిన మాట కాదు. 1939లో కీనన్ క్రీడాస్థలం, 1987లో ఫుట్‌బాల్ అకాడమీ, 1991లో జె.ఆర్.డి. టాటా క్రీడాప్రాంగణం, 1996లో విలువిద్యా అకాడమీ. వీటిలో చివరిదాన్ని గమనించవలెను. విల్లు ఈ నేల ప్రజల పాత ఆయుధం. దానికి శిక్షకుడు, వసతి, భోజనం ఏర్పడగానే దారిద్ర్యం నుండి వచ్చిన పిల్లలకు తోవ తెరచుకొన్నది; రాంచీ సమీపపు గ్రామంలో పుట్టిన దీపికా కుమారి ప్రపంచపు మేటి విలుకత్తెలలో ఒకతె అయినది. అదే పల్లెల పాట, అదే పల్లెల మద్దెల, అదే పల్లెల గోడబొమ్మ చేతబట్టిన పిల్లకు అంత వెడల్పైన తోవ కనబడదు. సోనారిలోని ఆదివాసీ సంస్కృతి కేంద్రం, 2014 నుండి ఏటేటా నవంబరులో జరిపే సంవాద్ సమ్మేళనం మంచి ప్రయత్నాలు. కాని సమ్మేళనంలో కళ వేదికమీద ఉండును, పిల్లలు క్రింద కూర్చుందురు. అఖ్రాలో వేదిక లేదు.

ఇక నేటి సాయంకాలపు తరగతులను గూర్చి. దేశమంతటా ఉన్న దోషమే ఇక్కడా ఉన్నది. రెండు త్రిభుజాకారపు కొండలు, నడుమ సగం సూర్యుడు, ముందు ఒక ఇల్లు, ప్రక్కన కొబ్బరిచెట్టు. ఈ బొమ్మను గురువు పలకమీద గీయును, ఇరువదిమంది పిల్లలు దింపుదురు, పోటీకి అదే పోవును, బహుమతి దానికే వచ్చును. జంషెడ్పూరు పిల్లకు కిటికీ తెరిస్తే దల్మా కొండ కనబడును. అది త్రిభుజంలా ఉండదు, ఏనుగు పడుకొన్నట్లు ఉండును. కర్మాగారంలో కరిగిన చిట్టెం పారబోసిన రాత్రి ఆకాశం ఎఱ్ఱగా వెలుగును. అటువంటి ఆకాశం ఏ నమూనాపుస్తకంలోనూ లేదు. దానిని గీయమని పిల్లలతో చెప్పే గురువులు ఉన్నారు, కాని వారి పిల్లలకు పోటీలలో బహుమతులు రావడం కష్టం. 2005లో జాతీయ పాఠ్యప్రణాళిక, 2020లో జాతీయ విద్యావిధానం కళను చదువులో భాగం చేయవలెనని వ్రాసినవి. ఈ లోపల సాయంకాలాన్ని ట్యూషను ఆక్రమించినది. పదేండ్లు నిండకముందే గణితానికి, ఇంగ్లీషుకు ప్రత్యేక పాఠాలు చెప్పించే తల్లిదండ్రులను తిట్టి ప్రయోజనం లేదు. ఉద్యోగం తప్ప మరొక ఆధారం లేని ఊళ్ళో వారి భయానికి కారణం ఉన్నది.

ఇంతవరకు చెప్పినదంతా తరగతికి రాగల పిల్లలను గూర్చి. కంపెనీ బంగళాల వీధులకు ఆవల, సువర్ణరేఖ దాటితే మానగో, రైలుకట్ట దాటితే బాగ్‌బేడా. కాంట్రాక్టు కూలీలు, రిక్షావారు, ఇండ్లలో పాచిపని చేసే స్త్రీలు కాపురముండే బస్తీలు అక్కడ ఉన్నవి. అక్కడి ఎనిమిదేండ్ల ఆడపిల్లకు బడి విడిచిన తరువాతి రెండు గంటలు తల్లి వచ్చేవరకు తమ్ముణ్ణి చూచుకొనే గంటలు, వంతు వచ్చినప్పుడు కుళాయివద్ద నిలిచే గంటలు. రుసుము మాఫీ చేసినంతమాత్రాన ఆమె రాదు. రంగులపెట్టె ఉచితంగా ఇచ్చినా రాదు. చంకలో ఉన్న పసివానితో సహా ఆమెను లోపలికి రానిచ్చే గది కావలెను. ఆ గదికి కుర్చీలు, బల్లలు అక్కరలేదు. చదును చేసిన నేల, ఒక చెట్టు, మద్దెల కొట్టగల పెద్దమనిషి ఒకడు ఉంటే చాలును. ఖరఖాయి ఒడ్డున అటువంటి చెట్లు ఇంకను ఉన్నవి.