అనుమతి ఉన్నా రాత్రి పదికే మైకు బంద్

ముదిగొండ: జాతరలు, సభలకు మైకు వాడాలంటే పోలీసుల నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి పొందాలి. ముదిగొండ మండలం 2016 నుంచి ఖమ్మం పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉంది. అనుమతిపత్రం చేతికి వస్తే తెల్లవార్లూ మైకు మోగించవచ్చని పలువురు నిర్వాహకులు భావిస్తుంటారు. అది సరికాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల మేరకు రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట మైకులు నిషిద్ధం. సాంస్కృతిక, మతపర ఉత్సవాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఈ వెసులుబాటును 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదు. ఆసుపత్రులు, పాఠశాలల చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రోగులు, పరీక్షలకు చదివే విద్యార్థుల నిద్రకు భంగం కలిగితే బాధితులు పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.