అమలాపురము నుండి లోక్‌సభకు తొలి మహిళ

ఉన్నత పదవులలో నున్నవారి భార్యలను గూర్చి చరిత్ర వ్రాయువారు సాధారణముగా రెండే మాటలు చెప్పుదురు. భర్త జీవించియున్నంతవరకు ఆమె గృహలక్ష్మి. అతడు గతించిన పిమ్మట ఆమె ఎన్నికలలో నిలచి గెలిచినచో, గెలిపించినది సానుభూతి. ఈ రెండు మాటలలోను ఆమె మనకు కానరాదు. మన కోనసీమలోనే జరిగిన ఒక సంఘటనను ఆధారముగా గైకొని, ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో విచారింతము.

వైనతేయ గోదావరి సముద్రమున కలియు ఓడలరేవు వరకు వ్యాపించిన అల్లవరము ప్రాంతము 2008 నాటి పునర్విభజన వరకు తన పేరనే ఒక శాసనసభా నియోజకవర్గమును కలిగియుండెను. అటుపిమ్మట అది అమలాపురము శాసనసభా స్థానమున కలిసిపోయినది. లోక్‌సభకు మాత్రము బెండమూర్లంక, కొమరగిరిపట్నము మొదలగు ఈ తీరగ్రామములవారు ముందునుండియు అమలాపురము సభ్యునే ఎన్నుకొనుచు వచ్చిరి. షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడిన ఈ స్థానమునకు బయ్యా సూర్యనారాయణమూర్తి, కుసుమ కృష్ణమూర్తి ప్రభృతులు ప్రాతినిధ్యము వహించిరి. అయితే 2002 వరకు ఒక్క స్త్రీయైనను ఇచ్చటనుండి లోక్‌సభకు ఎన్నిక కాలేదు.

ఆ సంవత్సరము ఎన్నికైన మహిళ శ్రీమతి గంటి విజయకుమారి. ఆమె భర్త శ్రీ గంటి మోహనచంద్ర బాలయోగి 1951 అక్టోబరు 1వ తేదీన గౌతమీతీరమందలి ఎదుర్లంకలో జన్మించిరి. న్యాయశాస్త్రము చదివి కాకినాడలో న్యాయవాదియై, 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్షులైరి. 1991లో లోక్‌సభకు ఎన్నికై, 1996లో ఓడిపోయి, అదే సంవత్సరము ముమ్మిడివరము ఉపయెన్నికలో శాసనసభ్యులై, రాష్ట్రమున ఉన్నత విద్యామంత్రిగా పనిచేసిరి. 1998లో మరల లోక్‌సభకు వెళ్లి, మార్చి 24వ తేదీన స్పీకరు పీఠము నధిష్ఠించిరి. అప్పటికి వారి వయస్సు నలువది ఆరేండ్లు. దళిత వర్గమునుండి ఆ పీఠమెక్కినవారిలో వారే ప్రథములు. 1999 ఏప్రిల్ 17న ఒకే ఒక్క ఓటు తేడాతో కేంద్ర ప్రభుత్వము పడిపోయిన నాడు సభను నడిపినదియు వారే. ఆ సంవత్సరము అక్టోబరులో సభ వారిని రెండవ పర్యాయము స్పీకరుగా ఎన్నుకొనెను.

2002 మార్చి 3వ తేదీన భీమవరము నుండి తిరిగి వెళ్లుచుండగా, కృష్ణా జిల్లా కైకలూరు సమీపమున కొవ్వాడలంక వద్ద వారి హెలికాప్టరు కూలినది. బాలయోగిగారు, వారితోనున్న మరి యిద్దరు మరణించిరి. ఎదుర్లంకను యానాముతో కలుపు గోదావరి వంతెన నేడు వారి పేరనే పిలువబడుచున్నది.

ఖాళీ యైన స్థానమునకు అదే సంవత్సరము జరిగిన ఉపయెన్నికలో తెలుగుదేశము పార్టీ పక్షమున విజయకుమారిగారు పోటీచేసి విజయము పొందిరి. 2004 ఫిబ్రవరిలో సభ రద్దగువరకు ఆమె సభ్యురాలు. అనగా రెండేండ్లైనను నిండని కాలము. ఈ కాలమున ఆమె స్థితి ఎట్టిదో ఒక్కమారు ఆలోచింపుడు. సభలో ప్రవేశించిన ప్రతిదినము ఆమె కంటికెదురుగా నున్నది తన భర్త నాలుగేండ్లు కూర్చుండిన పీఠము. 2002 మే నెల నుండి దానిపై శ్రీ మనోహర్ జోషి ఆసీనులై యుండిరి. కన్నీరు ఆరకముందే ఓట్లడుగుట, శోకమును ఇంట దాచి సభకు పోవుట అను ఈ కష్టమును "సానుభూతి" అను మాట లెక్కలోనికి తీసికొనదు.

ఈ విషయమున ఇతర దేశముల అనుభవము గమనింపదగినది. సింహళమున ప్రధాని బండారనాయక 1959లో హత్యకు గురికాగా, మరుసటి యేడు ఆయన భార్య సిరిమావో ప్రధానియై, ప్రపంచమున ఆ పదవి పొందిన తొలి మహిళగా నిలిచెను. సానుభూతి ఆమెకు తలుపు తెరచియుండవచ్చును గాని, ఆ తరువాత 1970లోను 1994లోను ఆమె మరల ప్రధాని యగుటకు అదొక్కటే చాలదు కదా! ఆఫ్రికాలోని ఘనా దేశమున ఇందుకు భిన్నమైన కథ జరిగినది. అధ్యక్షుడు జెర్రీ రాలింగ్స్ భార్య నానా కొనాదు, భర్త అధికారములో నుండగనే 1982 నుండి ఒక మహిళోద్యమమును నడిపెను. 2011లో స్వపక్షపు అధ్యక్షునితోనే అభ్యర్థిత్వమునకు పోటీపడి ఓడిపోయెను. వేరు పార్టీ స్థాపించి 2016లో దేశాధ్యక్ష పదవికి నిలచి, అతి స్వల్పముగా ఓట్లు పొందెను. 2025 అక్టోబరులో గతించెను. భర్త జీవించియుండగా స్వశక్తితో అధికారమును కోరినప్పుడు ప్రజలు ఆమెను కరుణింపలేదు. పతి మరణించిన స్త్రీని అక్కున జేర్చుకొను లోకము, పతి యుండగా తానే నాయకురాలినగుదు నన్న స్త్రీని అనుమానముతో చూచునని దీనివలన తోచుచున్నది.

మన రాష్ట్రమునను తార్కాణములున్నవి. 1989లో విజయవాడ తూర్పు స్థానమున వంగవీటి రత్నకుమారి, 1996లో పాతపట్నమున నందమూరి లక్ష్మీపార్వతి, 2005లో పెనుకొండలో పరిటాల సునీత, భర్తలు గతించిన పిమ్మటనే శాసనసభ్యురాండ్రైరి. ఇందరిని ఒక్క త్రోవనే నడిపించినది వారి స్వభావము కాదు. మన రాజకీయ వ్యవస్థ స్త్రీకి తెరచి యుంచిన ద్వారమే అట్టిది. మృత్యువు తెరచిన ద్వారమున వచ్చినదని ఆమెను తక్కువచేసి మాటాడుటకంటె, వేరొక ద్వారమేల లేకపోయెనని ప్రశ్నించుట న్యాయమని మా అభిప్రాయము.

పల్లెలలో ఆ ద్వారము కొంత తెరువబడినది. 73వ రాజ్యాంగ సవరణము 1993 నుండి పంచాయతీలలో మూడవవంతుకు తక్కువగాకుండ స్థానములను స్త్రీలకు ప్రత్యేకించినది. భర్త యున్నను లేకున్నను గ్రామాధ్యక్షురాలగు అవకాశము అల్లవరము ప్రాంతపు స్త్రీకి ఆనాటినుండియే కలిగినది. చట్టసభల విషయమున 2023 నాటి 106వ సవరణము, షెడ్యూల్డు కులముల స్థానములతో సహా, మూడవవంతును స్త్రీలకు కేటాయించినది. కాని జనగణన, పునర్విభజన జరిగిన పిమ్మటనే అది అమలగునని అందే నియమము చేసినది.

అమలాపురము 2019లో మరియొక మహిళను, శ్రీమతి చింతా అనురాధను, లోక్‌సభకు పంపెను. 2024లో బాలయోగి విజయకుమారి దంపతుల కుమారుడు శ్రీ హరీష్ మాధుర్ అదే స్థానమునుండి ఎన్నికైరి. తండ్రి స్థానము తనయునకు వచ్చినదని లోకము సహజముగా చెప్పుకొనును. అది తల్లి స్థానము కూడనని చెప్పువారు అరుదు. చట్టము దృష్టిలో ఉపయెన్నికకు, సాధారణ ఎన్నికకు భేదము లేదు. ఓటు ఓటే, సభ్యత్వము సభ్యత్వమే. కోనసీమ పిల్లలకు తమ పార్లమెంటు సభ్యుల పేర్లు నేర్పునప్పుడు 2002వ సంవత్సరమున కెదురుగా "బాలయోగి సతీమణి" యని గాక, గంటి విజయకుమారి యను పేరునే చెప్పుదము. ఆమెకు మనము చేయవలసిన న్యాయము ఇంతమాత్రమే.